కుల్ధరా పాడూరు: శిథిలముల సాక్ష్యము

మన చరిత్ర గ్రంథములలో నగరములు వెలయుటయు, రాజ్యములతోపాటు అవి కూలుటయు విపులముగా వర్ణింపబడినవి. పల్లెలు పుట్టుట కూడ శాసనముల వలన కొంత తెలియుచున్నది. అగ్రహారమును ధారవోసిన రాజు ఆ విషయమును రాతిపై చెక్కించును. చెరువు త్రవ్వించినవాడు తన పేరు నిలుపుకొనును. కాని ఒక పల్లె యెట్లు అంతరించినదో తెలుపు శాసనము దొరకుట మిక్కిలి అరుదు. ఊరు విడిచిపోవువాడు శాసనము వేయించి పోడు. కావున పల్లెల మరణమును గూర్చి తెలిసికొనగోరువారు గోడలను, బావులను, శ్మశానములను, లెక్కల పుస్తకములను ప్రశ్నింపవలసి యున్నది.

తెలుగుదేశమున ఈ విషయమునకు సంబంధించిన పదసంపద తక్కువది కాదు. పూర్వ నివాసము మట్టిదిబ్బగా మిగిలినచో దానిని పాటిదిబ్బ యందురు. ఆ పాటిమన్ను రైతునకు ఎరువు. ఊరు చోటు మారినచో మొదటిది పాతూరగును. తెలంగాణమున రెవిన్యూ లెక్కలలో జనావాసము లేని గ్రామమును ‘బేచిరాగ్’ అని వ్రాయుట వాడుక. ఇది పారసీక పదము. ‘చిరాగ్’ అనగా దీపము; ‘బే’ అనగా లేనిది. దీపము లేని ఊరని భావము. మనుష్యులు పోయినను పొలము మిగులును, పొలమునకు హద్దులును పన్నును మిగులును. అందుచేత ఊరు చచ్చినను దాని పేరు పుస్తకమున బ్రతికియుండును. ఈ ఒక్క మాటలో పాడూళ్ల చరిత్ర సగము ఇమిడి యున్నదని చెప్పవచ్చును.

ఈ వ్యాసమున పరిశీలింపదలచినది తెలుగుదేశపు పాడూరు కాదు; రాజస్థానమున థార్ ఎడారిలో, జైసల్మేరు పట్టణమునకు నైరృతి దిశగా సుమారు 18 కిలోమీటర్ల దూరమున నున్న కుల్ధరా. దీనిని గ్రహించుటకు రెండు కారణములు గలవు. కట్టడములు, శాసనములు, జనసంఖ్య లెక్కలు అను మూడు విధముల సాక్ష్యము ఒకే పల్లెకు లభించుట మొదటిది. ఆ సాక్ష్యమునంతను కప్పివేయుచు ఒక ప్రబలమైన కథ వ్యాపించి యుండుట రెండవది. ఆ కథకును ఈ రాళ్లకును గల సంబంధమే ఇచట విచార్యము.

కథ

జనశ్రుతిలోని వృత్తాంత మిట్టిది. జైసల్మేరు రాజ్యమునకు సాలిం సింగ్ అను దివానుండెను. అతడు క్రూరుడు, ధనలోభి. కుల్ధరా గ్రామపెద్ద కూతురిపై అతని కన్ను పడెను. పిల్లను ఒప్పగింపుమని, లేనిచో ఊరిపై పడుదునని గడువు పెట్టెను. పాలీవాల్ బ్రాహ్మణుల 84 గ్రామముల పెద్దలు కూడి యోచించి, మానము కంటె ఊరు ఎక్కువ కాదని నిశ్చయించిరి. ఒక్క రాత్రిలో 84 గ్రామములును ఖాళీ అయ్యెను. పోవుచు వారు, ఇచట మరెవ్వరును కాపురముండకుందురు గాక యని శపించిరి. ఇది 1825లో జరిగినట్లు పలువురు చెప్పుదురు.

కథ బాగుగ నున్నది. వినువానికి ఆగ్రహమును గౌరవమును ఒక్కసారిగ కలుగును. కాని మొదటి చిక్కు సంవత్సరముతోనే వచ్చుచున్నది. సాలిం సింగ్ 1824లో హతుడయ్యెను. 1825 నాటికి గడువు పెట్టుటకు గాని, దండెత్తుటకు గాని అతడు లేడు. ఇక 84 అను సంఖ్య. రాజస్థానమున గ్రామసముదాయములను ‘చౌరాసీ’ యని వ్యవహరించుట సంప్రదాయము. మన కథలలో నూటొక్క గుడులు, నూటొక్క బావులు వచ్చినట్లే ఇదియు సమగ్రతను సూచించు సంఖ్యయే కాని ఎన్నిచూచిన లెక్క కానక్కరలేదు. ఇంతమాత్రమున కథ త్రోసిపుచ్చదగినది కాదు. కథ యేది చెప్పుచున్నదో, యేది చెప్పుట లేదో తెలిసికొనుటకు శిథిలముల కడకు పోవలెను.

ఊరి నిర్మాణము

కుల్ధరా ఉత్తర దక్షిణములుగా సాగిన దీర్ఘచతురస్రము. పొడవు 861 మీటర్లు, వెడల్పు 261 మీటర్లు. నడుమ అమ్మవారి గుడి. పొడవునకు మూడు వీధులు. వానిని అడ్డముగా ఖండించుచు అనేకములగు ఇరుకు సందులు. ఉత్తరమునను దక్షిణమునను ప్రాకారపు జాడలు గలవు. తూర్పున కాక్నీ యను చిన్న యేటి యెండిన గర్భము. పడమట ప్రత్యేకముగ గోడ లేదు. ఇండ్ల వెనుకటి గోడలే ప్రాకారముగ ఉపయోగపడినవి.

ఈ వర్ణనము వలన ఒక విషయము స్పష్టమగుచున్నది. ఇది ఇష్టము వచ్చినట్లు పెరిగిన పల్లె కాదు. వీధి గీసి, గుడికి చోటు విడిచి, పిదప ఇండ్లు కట్టినవారి ఊరు. నివాసులలో పలువురు సేద్యముతోపాటు వర్తకమును, వడ్డీవ్యాపారమును చేసినవారు. సింధుదేశము వైపు సాగిన ఒంటెల బిడారుల దారులు జైసల్మేరు సంపదకు మూలము; ఆ సంపదలో పాలీవాలులకు భాగముండెను.

శిథిలములలో 410 కట్టడములు గుర్తింపబడినవి. ఇవి కాక ఊరి వెలుపల దిగువ భాగమున మరి 200 కట్టడముల జాడలు గలవు. ఈ రెండవ సంఖ్యను పాఠకులు జ్ఞప్తియందుంచుకొనవలెను. కథలో దీనికి చోటు లేదు.

శాసనములు

ఊరి శిథిలములలో మూడు శ్మశానవాటికలు గలవు. వానిలో ‘దేవళీ’ లనబడు స్మారకశిలలు నిలిచి యున్నవి. తెలుగుదేశపు వీరగల్లుల వలెనే ఇవియు చచ్చినవారి పేరు నిలుపు రాళ్లు. రెండు దేవళీ శాసనములు క్రీ. శ. 1235, 1238 సంవత్సరములలో మరణించిన ఇద్దరు గ్రామస్థులను పేర్కొనుచున్నవి. కాలగణనము భట్టిక సంవత్తులో నున్నది, క్రీ. శ. 623లో మొదలగు ఆ శకము జైసల్మేరు ప్రాంతమునకు ప్రత్యేకమైనది. దీనిని బట్టి 13వ శతాబ్ది పూర్వార్ధము నాటికే ఊరు వెలసి యుండెనని నిశ్చయింపవచ్చును. 19వ శతాబ్దిలో అంతరించిన ఊరి వయస్సు అప్పటికి ఆరువందల యేండ్లకు తక్కువ కాదు.

కొన్ని శాసనములలో ‘కుల్ధర్’ అను శాఖానామము కానవచ్చుచున్నది. ఊరి పేరు ఆ శాఖ పేరే. 1899లో లక్ష్మీచంద్ రచించిన ‘తవారీఖ్-ఎ-జైసల్మేర్’ అను గ్రంథము, పాలీ నుండి వచ్చిన కాధన్ అను బ్రాహ్మణుడు మొట్టమొదట ఇచట స్థిరపడి ఉధన్‌సర్ అను తటాకమును త్రవ్వించెనని చెప్పుచున్నది. మన గ్రామ కైఫీయతులలో వలెనే ఇచటను ఊరి చరిత్ర చెరువుతో మొదలగుచున్నది.

నీరు

జైసల్మేరు ప్రాంతమున ఏటి సగటు వర్షపాతము 200 మిల్లీమీటర్లకు లోపు. అట్టిచోట ఆరువందల యేండ్లు ఒక వ్యవసాయ గ్రామము నిలిచెననుటయే గొప్ప విషయము. అది ‘ఖడీన్’ పద్ధతి వలన సాధ్యమయ్యెను.

రాతినేల వాలులపై కురిసిన వాన అంతయు దిగువకు పారును. ఆ దిగువ భూమికి పొడవైన మట్టికట్ట వేసి నీటిని ఆపుదురు. ఎక్కువైన నీరు పోవుటకు అలుగు ఉండును. వర్షకాలమున నీరు నిలిచి నేలలోనికి ఇంకును. పిదప నీరు తీసిన ఆ నేలయందే, మిగిలిన తేమతో, గోధుమయు సెనగయు పండింతురు. తెలుగుదేశమున చెరువు కట్టకు దిగువ ఆయకట్టు పండును. ఖడీనులో కట్టకు లోపలి నేలయే పండును. మన చెరువులలో నీరు తగ్గినపుడు శిఖము భూమిని సాగుచేయుట యెరిగినవారికి ఈ పద్ధతి సులభముగ బోధపడును. శిఖము మనకు కొసరు పంట. అచట అదియే అసలు పంట. కుల్ధరాకు దక్షిణమున ఇట్టి ఖడీను ఉండెను. త్రాగునీటికి బావులును, ఒక మెట్లబావియు, కాక్నీ యేరును ఆధారములు.

ఈ యేర్పాటులో ఒక బలహీనత గలదు. కట్టను ఒక్క కుటుంబము కాపాడజాలదు. వాన వెనుక వాన దానిని కోయుచుండును. ఏటేట మన్ను పోయవలెను, పూడిక తీయవలెను. ఊరిలో చేతులు తగ్గినచో కట్ట బలహీనమగును. కట్ట బలహీనమైనచో పంట తగ్గును. పంట తగ్గినచో మరికొన్ని చేతులు ఊరు విడుచును. ఇట్లు ఒకదాని నుండి ఒకటి పుట్టుచు పోవు క్షయమునకు ఒక తేదీ ఉండదు.

1815 నాటికి ఊరి బావులలో పెక్కులు ఎండిపోయెను. 1850 నాటికి మెట్లబావియు, మరి రెండు లోతైన బావులును మాత్రమే పనిచేయుచుండెను.

జనసంఖ్య

ఇక లెక్కలు. కుల్ధరా శిథిలములను క్షేత్రపరిశీలనము చేసిన చరిత్రకారుడు ఎస్. ఎ. ఎన్. రెజావీ, లక్ష్మీచంద్ గ్రంథములోని కుటుంబముల లెక్కలను బట్టి ఇంటికి సగటున 4.48 మందిని గ్రహించి, 17, 18 శతాబ్దులలో ఊరి జనసంఖ్య 1,588 అని అంచనా వేసిరి. జేమ్స్ టాడ్ సేకరించిన సమాచారమును బట్టి 1815లో ఊరిలో 200 ఇండ్లు, 800 మంది జనము. 1890లో 37 మంది మాత్రమే. అప్పటికి లెక్కకు వచ్చిన ఇండ్లు 117.

ఈ సంఖ్యలను జాగ్రత్తగా వాడుకొనవలెను. మొదటిది అంచనా, అన్ని ఇండ్లును ఒకే కాలమున నిండియుండెనని తలచినపుడే అది సరిపోవును. టాడ్ జైసల్మేరునకు స్వయముగ పోయినవాడు కాడు. తెలిసినవారిని అడిగి వ్రాసికొనినవాడు. కాని రెండింటిలోను కొంత దోషముండినను వాని నడుమ గల అంతరము చిన్నది కాదు. కథలోని రాత్రికి పదియేండ్ల ముందే ఊరు సగమునకు దిగజారినదని ఈ లెక్కల వలన తేలుచున్నది. ఆ రాత్రి గడచిన 65 యేండ్లకును 37 మంది అచట కాపురముండిరి. అనగా ఆ రాత్రి ఊరు మొదటిసారి తరిగిన రాత్రియు కాదు, చివరి దీపమారిన రాత్రియు కాదు.

1890 నాటి లెక్కను మరియొకమారు చూడుడు: 37 మందికి 117 ఇండ్లు. మనిషికి మూడిండ్లు! శాపముచే శూన్యమైన ఊరి కంటె, మూడిండ్ల నడుమ ఒక్కడు మిగిలిన ఊరు దయనీయమైనది. ఆ మిగిలినవారిని గూర్చి కథ యేమియు చెప్పదు.

పన్ను

అట్లైన దివాను నిర్దోషియా? కాడు. సాలిం సింగ్ దౌర్జన్యము కట్టుకథ కాదు. టాడ్ గ్రంథము రెండవ సంపుటము 1832లో వెలువడెను. అందలి జైసల్మేరు వృత్తాంతమున పాలీవాలుల సంపదయు, దివాను వారిని పీడించిన విధమును, ఆ పీడకు తాళలేక వారు దేశము విడుచుటయు చెప్పబడినవి. ఇది కథ పుట్టి పెరుగుటకు ముందు, సమకాలికులు చెప్పగా వ్రాసికొనబడిన సాక్ష్యము.

ఆ రాజ్యమున పన్నుల పేర్లే తమ స్వభావమును తెలుపుచున్నవి. ఇంటిపన్నునకు ‘ధువాఁ’ అని పేరు, అనగా పొగ. పొయ్యి పొగ లేచిన ప్రతి యింటికిని పన్ను. దానికే ‘థాళీ’ అని మరియొక పేరు. అనగా భోజనపు పళ్లెము. వీనికి తోడు ‘దండ్’ అనునది యొకటి గలదు. అది నియతమైన పన్ను కాదు. ధనవంతులను పట్టి వసూలుచేయు బలవంతపు పైకము. వర్తకులును వడ్డీవ్యాపారులును నైన పాలీవాలులకు ఈ మూడవదియే ప్రాణాంతకము. నీరు తగ్గి పంట తరిగినపుడు దానికి తగినట్లు పన్ను తగ్గియుండినచో ఊరు కొంతకాలము తట్టుకొనియుండెడిది. తగ్గలేదు. 1818లో జైసల్మేరు ఆంగ్లేయ కంపెనీతో సంధి చేసికొనెను. ఆ సంధి రాజ్యమును వెలుపలి శత్రువుల నుండి కాపాడెను. లోపలి దివాను నుండి రైతును కాపాడలేదు.

ఇచట కుల్ధరాను బేచిరాగ్ అను మాటతో కలిపి చూడవలెను. ప్రభుత్వము ఊరిని బ్రతికినపుడు పొగను బట్టి లెక్కించినది, చచ్చినపుడు దీపమును బట్టి లెక్కించినది. ఆ రెంటి నడుమ దానికి జరిగినదేమో లెక్క వ్రాయువానికి పట్టలేదు.

ఇతర కారణములు

భూకంపము వలన ఊరు దెబ్బతినెనని మరియొక అభిప్రాయము గలదు. 2017లో ప్రకటితమైన ఒక భూవిజ్ఞాన పరిశీలనము కూలిన కప్పులను, పడిన దూలములను, స్తంభములను, ద్వారబంధములపై రాళ్లను సాక్ష్యముగ చూపినది. ఇది త్రోసిపుచ్చదగినది కాదు. ఐనను, కూలిన కప్పు ఊరిలో జనముండగా కూలినదా, విడిచిన పిదప కూలినదా యను ప్రశ్న మిగులును. కాపురమున్న ఇల్లు కూలినచో మరల కట్టుకొందురు; విడిచిన ఇంటికి కట్టువాడు లేడు. కావున భూకంపము జరిగియుండినను, అది క్షీణించుచున్న ఊరికి తగిలిన దెబ్బగా భావించుట యుక్తము. 19వ శతాబ్దిలో సముద్రపు రేవుల వర్తకము పెరిగి, ఎడారి బిడారుల దారులు వెలవెలబోయినవి. వర్తకుల ఊరికి అదియును నష్టమే.

ఒకే ఉత్తరువుతో ఊళ్లు లేచిపోయిన సందర్భములు లోకమున లేకపోలేదు. స్కాట్లండు ఉత్తర భాగమున సదర్లండు ప్రభువుల జమీనులో, గొర్రెల మందలకు చోటు చేయుటకై, 19వ శతాబ్ది రెండవ దశకమున స్ట్రాత్‌నేవర్ లోయలోని పల్లెలను ఖాళీచేయించిరి. వానిలో రోసల్ అను పల్లె శిథిలములను 1962లో హొరేస్ ఫెయిర్‌హర్స్ట్ త్రవ్వి పరిశీలించెను. అచట వెళ్లగొట్టినవాని కాగితములు కలవు, న్యాయస్థానపు విచారణ కలదు, జనులు పోయిన చోటు తెలియును. అట్టి సందర్భమున ఒక్క ఋతువులో ఊరు చచ్చెననుట సత్యము. కుల్ధరా విషయమున లభించు సాక్ష్యమంతయు దీనికి భిన్నముగ, దీర్ఘమైన క్షయమునే సూచించుచున్నది.

ఉపసంహారము

ఐనచో ‘ఒక్క రాత్రి’ కథ యేల పుట్టినది? దీర్ఘకాలపు బాధకు జ్ఞాపకమున నిలుచు రూపముండదు. ఒక యేట ఒక బావి యెండుట, మరుయేట పది యిండ్లవారు బండ్లు కట్టుకొని పోవుట, ఇంకొకయేట కట్ట తెగినను పూడ్చువారు లేకపోవుట, ఇవి పాటకు గాని కథకు గాని లొంగవు. జనుల స్మృతి ఆ యేండ్లనన్నింటిని ఒక్క రాత్రిగ కుదించినది. పన్నుల పీడనంతను ఒక్క పిల్లపై పడిన కన్నుగ మార్చినది. పీడించినవాని పేరును మాత్రము మార్చక నిలిపినది. అంతవరకు కథ సత్యమునే చెప్పినది. పారిపోయినవారి సంతతికి అది గౌరవమును మిగిల్చినది: మేము ఓడి పోలేదు, రోసి పోతిమి అని.

కాని కథ మరచినవి రెండు గలవు. మొదటిది ఊరి వెలుపలి 200 కట్టడములు. ఆ దిగువ వాడకు చెందినవారు గ్రామపెద్దల సభలో లేరు, కథలో లేరు, శాపములోను లేరు. రెండవది నీరు. దివాను చావుతో కథ తీరిపోవును. నీటి సమస్య దివానుతో చావదు. పన్ను హెచ్చి, నీరు తగ్గి, కట్టకు మన్ను పోయు చేతులు తరిగినపుడు ఏ ఊరైనను బేచిరాగ్ కాగలదు. ఈ పాఠమును శాపకథ మనకు నేర్పదు, శిథిలములు నేర్పును.

నేడు కుల్ధరా దయ్యముల ఊరుగ ప్రసిద్ధి చెందినది. 2010 తరువాత రాజస్థాన ప్రభుత్వము దానిని పర్యాటకస్థలముగ అభివృద్ధి చేయ బూనినది. కొన్ని ఇండ్లు మరల నిలువబెట్టబడినవి. దయ్యమును చూడవచ్చినవానికి కొత్తగోడయు పాతగోడయు ఒక్కటే, చరిత్రకారునకు కాదు. కూలిన దూలము పడిన తీరే సాక్ష్యము గనుక, దానిని ఎత్తి చక్కబెట్టుటకు ముందు కొలిచి, గీసి, వ్రాసియుంచుట అవసరము. లేనిచో ఒక్క రాత్రి కథ తప్ప మరి సాక్ష్యము మిగులదు.

మన ప్రాంతమున ఈ పని మరింత తొందరపడవలసినది. కుల్ధరా రాతి ఊరు; దాని గోడలు ఇంకను నిలిచి యున్నవి. మన పాడూళ్లు చాలవరకు మట్టి ఊళ్లు. పాటిమన్ను ఏటేట బండ్లలో పొలములకు పోవుచున్నది. రెవిన్యూ లెక్కలలోని బేచిరాగ్ గ్రామముల పేర్లను గ్రామ కైఫీయతులతోను, క్షేత్రమున మిగిలిన బావి, గుడి, చెరువు గుర్తులతోను సరిచూచు పనికి ఏ త్రవ్వకమును అక్కరలేదు. ఒక పటము, ఒక పుస్తకము, పొరుగూరి వృద్ధుల మాటలు చాలును. పరిశోధక విద్యార్థులు పూనుకొనదగిన కార్యమిది. దీపములేని ఊళ్ల పేర్లు పుస్తకములందైనను ఉన్నవి. వానిలో ఒకప్పుడు దీపము పెట్టినవారెవరో, అది యేల ఆరెనో వ్రాయుట మిగిలి యున్నది.